బావ గుంజిన లైన్లు

మొన్న మా ఆఫీసు గోడలకు రంగులు వేయిస్తూ పాత వైర్లన్నీ పీకించారు. ఇప్పుడంతా వైఫై కదా, ఇవెందుకు అన్నారు కొత్తగా వచ్చిన సారు. పీకిన నీలం వైర్లను మెట్ల కింద కుప్పగా పోశారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి అటు వెళ్లినవాణ్ణి, ఊరికే ఒక వైరు కొస చేతిలోకి తీసుకున్నాను. అగ్గిపుల్లల పెట్టెలో సగం కూడా లేని ప్లాస్టిక్ క్లిప్పు. దాని లోపల ఎనిమిది సన్నని తీగలు, వేర్వేరు రంగులవి, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. వాటినలా కూర్చోబెట్టింది మా బావ, అంటే మా అక్క భర్త. డబ్బా కడగడం మరిచిపోయి మెట్ల మీద కూలబడ్డాను.

బావది తిరుమలగిరి వైపు నేత కుటుంబం. మగ్గం మీద ఇల్లు గడవక, పెళ్లయిన ఏడాదికే అక్కను తీసుకుని కల్వకుర్తి వచ్చి, ఒక కేబుల్ టీవీ ఆయన దగ్గర లైన్లు గుంజే పనికి కుదిరాడు. భుజాన నల్ల కేబుల్ చుట్ట వేసుకుని డాబాల మీద తిరిగేవాడు. ఎండబెట్టిన మిరపకాయలు తొక్కాడని ఆడవాళ్లు తిట్టేవారు. సాయంత్రం టీవీలో బొమ్మ పోతే ఆ తిట్టినవాళ్లే అక్క గుమ్మం ముందు గుమిగూడేవారు. అక్క తలుపుకు అడ్డంగా నిలబడి "ఆయన బువ్వ తింటాండు. మీ సీరియలు యాడికి పోదు గని, జర ఆగుండ్రి" అనేది. ఒకసారి బావ ఆ కేబుల్ ముక్కను చీల్చి నాకు చూపించాడు. నడుమ ఒక రాగి కడ్డీ, దాని చుట్టూ తెల్లటి మెత్త, ఆ పైన సన్నని లోహపు జాలి, అన్నిటి మీదా నల్ల తొడుగు. "బొమ్మ నడుమ తీగల పోతది బామ్మర్దీ. బయటి లొల్లి లోపలికి రాకుంట గీ జాలి ఆపుతది. ఎవడు నేసిండో గని, మంచిగ నేసిండు" అని జాలిని వేలితో నిమిరాడు.

తెలంగాణ వచ్చాక ఆఫీసుల్లో కంప్యూటర్లు పెరిగాయి. నేనప్పటికే ఇదే అచ్చంపేట ఆఫీసులో గుమస్తాను. కంప్యూటర్లన్నిటినీ కలుపుతూ వైర్లు వేయాలంటే, మా బావకు ఆ పని వచ్చని సారుతో ధైర్యంగా చెప్పేశాను. నిజానికి ఆయనకు రాదు. సంగతి తెలిసి నన్ను నాలుగు మాటలని, హైదరాబాదులో తెలిసినవాళ్ల దగ్గర వారం రోజులుండి నేర్చుకొచ్చాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని, నీలం తొడుగు ఒలిచి, జతలు జతలుగా మెలిపెట్టిన తీగలను విప్పి, ఎక్కం చదివినట్టు రంగులు చదువుతూ పేర్చేవాడు. "తెల్ల సంత్ర, సంత్ర, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల కాఫీ, కాఫీ." సంత్ర అంటే నారింజ రంగు. వరుసలో ఒక్కటి తప్పినా కంప్యూటరు మాట్లాడదట. ఈ మెలికలెందుకు బావా అనడిగితే, "ఒక జత ముచ్చట ఇంకో జతల కలవకుంట. నేను, మీ అక్క గిట్ల మెలేసుకొని ఉండవట్టే గద ఇన్నేండ్లు ఎవ్వని మాట మా నడుమ జొరలె" అన్నాడు. టీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన ఆయమ్మ పకపకా నవ్వింది. అచ్చంపేటలో ఆ తరువాత ఏ దుకాణంలో కంప్యూటరు పెట్టినా బావకే కబురు వచ్చేది.

ఆపైన ఫైబర్ వచ్చింది. అడవి అంచు పల్లెలకు ఇంటర్‌నెట్ లైను వేసే పని ఒక కాంట్రాక్టరు తీసుకున్నాడు. బావను పెట్టుకొమ్మని ఆయనకు చెప్పింది కూడా నేనే. వెంట్రుకంత గాజు తీగ, అందులో కరెంటు ఉండదు, వెలుగు మాత్రమే పోతుంది. రెండు కొసలను స్పిరిటుతో తుడిచి, సమంగా కోసి, చిన్న మిషన్లో పెడితే అది కరిగించి అతుకుతుంది. ఆ పని నేర్చుకున్న రోజు బావ ఇంట్లో అన్నం ముందు కూర్చుని, కలుపుకున్న ముద్ద చేతిలోనే ఆరిపోతున్నా గాజు లోపల వెలుగు ఎలా వంపు తిరుగుతుందో చెబుతూనే ఉన్నాడు. కోసి పారేసిన గాజు ముక్కలు కంటికి కనిపించవు, టేపుకు అంటించి సీసాలో వేయాలి, పని చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి అని కూడా చెప్పాడు. కాంట్రాక్టరు ఆ కళ్లద్దాలు ఇవ్వలేదు. ఇచ్చారా అని నేనూ అడగలేదు.

ఒక పల్లెలో ప్రారంభోత్సవం పెట్టారు. మా జిల్లా పెద్ద సారు తన ఆఫీసులో కూర్చుని పంచాయతీలో ఉన్న జనంతో ఆ కొత్త లైను మీద టీవీలో మాట్లాడాలి. ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. ఇక రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, గాలి గొట్టింది. కంట్ల ఏదో పడ్డది. జర దవాఖానకు పోయొస్త."

"బావా, ఎల్లుండే ప్రోగ్రాం. ఇంకా నాలుగు అతుకులున్నయంటున్నరు. దుమ్ము పడ్డదేమో, నీళ్లు కొట్టుకో. అయిపోయినంక నేనే తోల్కపోత."

ఆయన "సరే తియ్. నీ నౌకరి ముచ్చట గద" అని పెట్టేశాడు.

ప్రోగ్రాం బాగా జరిగింది. పెద్ద సారు టీవీలో కనిపించి, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మను "ఏమవ్వా, బాగున్నవా?" అని పలకరించాడు. ఆమె లేచి టీవీకి దండం పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతా కలిపి పది నిమిషాలు. బావ తలుపు దగ్గర నిలబడి, తడి తువ్వాల కుడికంటికి అదుముకుని, రెండో కంటితో ఆ బొమ్మను చూసి నవ్వుతున్నాడు. వారం తిరగకముందే రోడ్డు పని చేసే మిషను ఆ లైనును తెంపింది. అతకడానికి ఎవరూ రాలేదు. నాకు తెలిసినంతవరకు ఆ పంచాయతీలోని ఇంటర్‌నెట్ డబ్బాలో మళ్లీ లైటు వెలగలేదు.

ప్రోగ్రాం అయిన సాయంత్రమే బావను తీసుకెళ్తే, అచ్చంపేట దవాఖానలో టార్చి వేసి చూసి ఏమీ లేదన్నారు. కంట్లో గాజు కనిపించదు కదా. మర్నాటికి కన్ను చీము పట్టింది. హైదరాబాదు తీసుకెళ్లాను. లోపలి గదిలో బావకు కట్టు కడుతుండగా, కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాతో డాక్టరు "రెండు రోజుల ముందు తెచ్చుంటే కన్ను నిలిచేది" అంది. ఆ మాట నేను అక్కకు చెప్పలేదు. ఒక కన్నుకు దెబ్బ తగిలితే ఒక్కోసారి ఒళ్లే తిరగబడి రెండో కన్నును కూడా తినేస్తుందని, జాగ్రత్త అని కూడా డాక్టరు చెప్పింది. చుక్కల మందు, మాత్రలు, నెలకోసారి బస్సు ప్రయాణం, అన్నీ చేశాము. ఏడాది లోపే ఎడమ కన్ను కూడా మసకబారి ఆరిపోయింది. అద్దాలు పెట్టుకోకపోవడం పనివాడి తప్పే అన్నాడు కాంట్రాక్టరు.

అయినా బావ కొన్నాళ్లు పని వదల్లేదు. జాలిపడి ఎవరైనా నాలుగు వైర్లకు క్లిప్పులు వేయమని ఇస్తే, వేళ్లతోనే తొడుగు ఒలిచేవాడు, మెలికలు విప్పేవాడు, తీగలు సాఫు చేసేవాడు. కానీ రంగు వేళ్లకు తెలియదు. అక్క పక్కన కూర్చునేది. "గిది?" అనేవాడు. "సంత్ర." "గిది?" "తెల్లది... పచ్చ గీత." ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అదే పనిలో ఉన్నారు. దుకాణం నుంచి ఒక వైరు తిరిగొచ్చింది, పని చేయడం లేదని. అక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, తెల్ల పచ్చనూ తెల్ల నీలాన్నీ తారుమారు చెప్పానని గ్రహించింది. "నా కండ్లే మంచిగ లేవు, నీకేం జెప్తున్న" అంటూ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ చేతిలోని క్లిప్పులు బిగించే పట్టుకారును తుడిచి నెమ్మదిగా కింద పెట్టాడు. "ఇగ చాలు తియ్" అన్నాడు. మళ్లీ దాన్ని ముట్టలేదు.

అక్క ఇప్పుడు బడిలో మధ్యాహ్నం వంటకు పోతుంది. బావ మంచం మీద ఉంటాడు. తెల్లారిందా అని అడుగుతాడు. మొన్న వైర్లు పీకిన తరువాతి ఆదివారం, అక్క నీళ్లకు వెళ్లిన సమయం చూసి, నాలో దాచుకున్నదంతా ఆయన ముందు కక్కేశాను. డాక్టరన్న మాట, నేను ఆపిన రెండు రోజులు, అన్నీ. బావ మంచం పట్టె తడుముకుని లేచి కూర్చున్నాడు.

"నాకెర్కే" అన్నాడు. "ఆమె నీతోని చెప్తాంటె నేను లోపట్నే ఉన్న గద. కన్ను పోయింది గని, చెవులు పోలె."

"మరి అక్కకు?"

"చెప్పలె. దానికి తోడబుట్టినోనివి నువ్వొక్కనివే. నువ్వు గుడ చెప్పకు."

అక్క బిందెతో లోపలికి వచ్చింది. "తమ్మీ, తిన్నవా?" అని అడిగి, నా జవాబు వినకుండానే కంచం పెట్టింది. నేను తిన్నాను.

రిటైరు కావడానికి నాకింకా మూడేళ్లుంది. ఇన్నేళ్ల సర్వీసు ఎటు పోయిందో తెలియకుండానే పోయింది. ఆ రెండు రోజులు మాత్రం నాకు ఇప్పటికీ గడవలేదు.