రిపోర్టు నార్మల్, చెయ్యి లేవదు

జ్వరం తగ్గి మళ్లీ ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజే నా కుడిచెయ్యి నా మాట వినడం మానేసింది. పంజగుట్టలో ఫ్లైఓవర్ పిల్లర్లు లేస్తున్న రోజులవి. ఆ దుమ్మురోడ్డు మీదే ఒక మేడలో మా మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ ఆఫీసు. చెవులకు హెడ్‌ఫోన్స్, కాలికింద పెడల్, అమెరికా డాక్టర్లు ముక్కుతో చెప్పే రిపోర్టులు విని టైపు చెయ్యడం నా ఉద్యోగం. ఆ పొద్దున ఎడమచేతి వేళ్లు గబగబా పోతున్నాయి, కుడిచేతివి మాత్రం కీబోర్డు మీద పెట్టినచోటే ఉండిపోయాయి. తిమ్మిరేమో, విదిలిద్దాం అనుకున్నాను. విదల్చడానికీ రాలేదు. టీ కప్పు పట్టుకోబోతే జారి ఒళ్లో పడింది. చుర్రుమన్నది తొడకే, చేతికి చీమ కుట్టినట్టయినా లేదు.

అంతకుముందు వారం నర్సింగ్ హోమ్‌లో ఆ చేతికే గ్లూకోజ్ ఎక్కించారు, సూది గుచ్చినచోట వాచింది. దాని తాలూకేలే అనుకుని ఇంటికొచ్చేశాను. ఇంట్లో అమ్మ, చెల్లి జెస్సీ, నేను. అమీర్‌పేటలో బాయ్స్ హాస్టళ్ల మధ్య రెండు గదులు. నాన్న లేడు. అమ్మ లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. జెస్సీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తోంది. ఆ రోజుల్లో మా గల్లీలో ఏ కోర్సూ చెయ్యనిది మా ఇంటి ఓనరమ్మ ఒక్కతే. అమ్మ బామ్ రాసి, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. మర్నాటికి మోచేతి కిందనుంచి చెయ్యి చచ్చుబడి వేలాడింది.

న్యూరాలజిస్టు మేడమ్ ఎమ్మారై తీయించారు. బాగానే ఉందన్నారు. తర్వాత నర్వ్ కండక్షన్ స్టడీ. మణికట్టు దగ్గర చిన్న చిన్న షాకులు ఇస్తారు. షాకు తగిలినప్పుడల్లా నా బొటనవేలు నన్నడక్కుండానే ఎగిరిపడేది. ఆ తర్వాత ఈఎంజీ. సన్నటి సూది కండలోకి దించి, బలం పెట్టండమ్మా అన్నాడు టెక్నీషియన్. కండ పనిచేస్తే స్పీకర్లో పేలాలు వేగినట్టు చప్పుడు రావాలట. నేను పళ్లు బిగబట్టి, చెమటలు పట్టేదాకా ప్రయత్నించాను. స్పీకరు మూగగా ఉండిపోయింది. అయినా రిపోర్టులో రాసింది మాత్రం 'నార్మల్ స్టడీ' అనే. నరాలూ కండలూ బాగున్నాయి, బలం పెట్టడం ఒక్కటే నావల్ల కాలేదని దాని అర్థం.

ఆ రెండు మాటలూ నేను ఎందరికి టైపు చేశానో. చేసిన ప్రతిసారీ, పోనీలే పాపం, బతికిపోయారు అనుకునేదాన్ని. నా రిపోర్టులో అవే మాటలు చూశాక మాత్రం తప్పు చేసినట్టనిపించింది.

ఎందుకంటే ఈఎంజీ రోజునే బేగంపేటలో ఒక కంపెనీ వాక్-ఇన్ ఇంటర్వ్యూ పెట్టింది. జెస్సీ బ్యాచ్ అంతా పోయింది. అమ్మకు సెలవు దొరకలేదని జెస్సీ నాతో హాస్పిటల్‌కు వచ్చింది. వాళ్ల బ్యాచ్‌లో కొందరికి ఉద్యోగాలొచ్చాయి. జెస్సీయే నాకు జడ వేసేది, డ్రెస్ వేసేది, అన్నం కలిపి పెట్టేది. ఆ కోర్సు కూడా మానేసింది. రిపోర్టు వచ్చిన రాత్రి ముద్ద పెడుతూ, పక్కనే ఉన్న ఆ కాగితం చదివి నా మొహంలోకి చూసింది.

"అన్నీ నార్మలే అని రాసిండ్రు గదక్కా. మరి లేపు."

నేను ప్రయత్నించాను. లేవలేదు. అది కంచం కింద పెట్టి బయటికి పోయింది, కాసేపటికి చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ ముద్ద పెట్టింది. ఆ ముద్దలు నేను దొంగిలించి తింటున్నట్టే మింగాను. ఆరోజు నుంచి నాకు నామీదే అనుమానం. నేను నాటకమాడుతున్నానా? నాకే తెలియకుండా ఆడుతుంటే? అమ్మ శుక్రవారాలు నాకోసం ఉపవాసం ఉండేది, మా చర్చి సంఘంలోని ఆడవాళ్లు ఇంటికొచ్చి మోకరించేవాళ్లు. వాళ్లు కళ్లు మూసుకుని ఏడుస్తుంటే నేను తేలు కుట్టిన దొంగలా కూర్చునేదాన్ని.

మేడమ్ నన్ను మ్యాగ్నెటిక్ స్టిమ్యులేషన్‌కు, అంటే అయస్కాంతంతో మెదడును తట్టి చూసే పరీక్షకు, పంపారు. గదిలోకి అమ్మను కూడా రానిచ్చారు. ఎనిమిది అంకెలాంటి కాయిల్ తలమీద ఆనించారు. గ్యాస్ లైటర్ నొక్కినట్టు టక్కుమంది. నా కుడిచేతి వేళ్లు లేచాయి. మళ్లీ టక్. మళ్లీ లేచాయి. అమ్మ "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, సంతోషంతో కాదు. నలుగురిలో జేబు తడిమి దొంగసొమ్ము బయటికి తీసినట్టనిపించింది.

మేడమ్ స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. "మిమ్మల్ని పట్టుకోవడానికి చెయ్యలేదమ్మా ఇది. మెదడునుంచి చేతికి దారి బాగుందని మీకు చూపించడానికి చేశాను. మీరు నటించట్లేదు. మెదడు ఆ చేతిని వాడుకోవడం మరిచింది, మళ్లీ నేర్పాలి. ఫంక్షనల్ వీక్‌నెస్ అంటాం." తర్వాత హార్డ్‌వేర్ బాగుంది, సాఫ్ట్‌వేర్‌లోనే తేడా అని కూడా అన్నారు. అమీర్‌పేట పేషెంట్లకు ఆ మాట చెప్పకుండా ఏ డాక్టరు ఊరుకుంటుంది!

ఆ సాయంత్రం వేళ్లు నా అంతట నేను కొద్దిగా కదపగలిగాను. అమ్మ ఆగుతుందా? ఆదివారం ఆరాధనలో లేచి, మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక ఉందని అందరినీ పిలిచేసింది. ఈలోగా వేళ్లు మళ్లీ పడుకున్నాయి. చెప్పాలనే అనుకున్నాను. అమ్మ బియ్యం ఏరుతూ పాట పాడుకుంటోంది. చూసి నోరు రాలేదు.

కూడిక నాడు రెండు గదులూ నిండి మెట్లమీద కూడా కూర్చున్నారు. వాక్యం చెప్పడం అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. "దేవుడు చేసిన కార్యం చెయ్యెత్తి చూపియ్యి బిడ్డా" అంది వెనకనుంచి ఎవరో పెద్దావిడ. అందరూ నా చేతికేసే చూస్తున్నారు. నేను నేలకేసి చూశాను.

నా పక్కన జెస్సీ లేచి నిలబడింది. "ఇంకా బాగుకాలే అయ్యగారూ. ట్రీట్‌మెంట్ నడుస్తుంది. జర టైమ్ పడ్తది," అని నన్ను చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అమ్మ మొహం నేను చూడలేకపోయాను. కాసేపటికి అమ్మే గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. అందరూ చప్పట్లు అందుకున్నారు. నేనూ పాడాను. ఇంకేం చెయ్యను?

తర్వాతి వారం హాస్పిటల్‌కు వెళ్తే జెస్సీ నన్ను బయట కూర్చోబెట్టి మేడమ్‌తో ఒక్కతే మాట్లాడి వచ్చింది. అప్పట్నుంచి వైద్యం మారింది. ముంజేతికి స్టిక్కర్లు అంటించి, వైర్లు కంప్యూటరుకు కలిపారు. కండ ఏమాత్రం పనిచేసినా తెరమీద పచ్చగీత లేస్తుంది. బయోఫీడ్‌బ్యాక్ అంటారు. చేతిని చూడొద్దు, గీతను చూడండి అన్నాడు ఫిజియో. ఇంకా, పాట పాడమన్నాడు. నేను తెల్లమొహం వేశాను.

"మీ చెల్లెలు చెప్పారు కదండీ, మొన్న ఇంట్లో పాట పాడుతుంటే మీ కుడిచేతి వేళ్లు తొడమీద తాళం వేశాయని."

దొరికిపోయాననుకున్నాను. ఆరోజు బస్టాపులో జెస్సీని అడిగాను, ఎప్పుడు చూసినవని.

"ఆ కూడిక దినమే."

"మరి నాటకం అనుకోలే?"

"అనుకున్న. ఒక్క నిమిషం." బస్సు నంబరు చూస్తూనే చెప్పింది. "తర్వాత నీ మొఖం చూసిన. నీ చెయ్యి ఆడుతున్నట్టు నీకు తెల్వనే తెల్వదక్కా. చెప్తే మళ్ల బిగుసుకపోతవని చెప్పలే."

అది నన్ను నమ్మడానికి ఒక్క నిమిషం పట్టింది. నన్ను నేను నమ్మడానికి నెలలు పట్టాయి.

ఫిజియోథెరపీ గదిలో కీర్తనలు పాడిన పేషెంటును బహుశా నేనొక్కదాన్నే. పక్క మంచంమీది మోకాళ్లనొప్పుల పెద్దాయన ఏ రోజు ఏ పాట కావాలో ముందే చెప్పేవాడు. మొదట గీత లేచింది, తర్వాత వేళ్లు, ఆ తర్వాత మణికట్టు. ఒకసారి ఆఫీసునుంచి ఎప్పుడొస్తారని ఫోనొచ్చింది, అంతే, చెయ్యి మళ్లీ పడిపోయింది. మేడమ్ కంగారు పడలేదు. "పడుతుంది, లేస్తుంది. మీరు పాట ఆపకండి," అన్నారు.

ఇప్పుడు బేగంపేటలో ఒక క్లినిక్ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. ఇది నా కుడిచేత్తోనే రాస్తున్నాను. బాగా అలిసిన రోజు పెన్ను జారుతుంది, కాసేపు కూనిరాగం తీసి మళ్లీ పట్టుకుంటాను. అమ్మ ఆ కూడిక సంగతి ఇప్పటికీ ఎత్తదు. జెస్సీకి మళ్లీ అలాంటి వాక్-ఇన్ దొరకలేదు. సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో అకౌంట్స్ చూస్తోంది. ఆ రోజు వెళ్లి ఉంటే అని నేను మొదలుపెడితే, "అక్కడ నాకొచ్చేదని ఎవరు చెప్పిండ్రు నీకు?" అని కసురుతుంది. దాని బ్యాచ్‌వాళ్లు కార్లలో కనబడినప్పుడల్లా నేను మొహం తిప్పుకుంటాను. అది చెయ్యి ఊపి పలకరిస్తుంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా రిపోర్టు నార్మల్ అని వచ్చి, చెయ్యో కాలో ఇంకా లేవకపోతే, "మరి ఎందుకు లేవదు?" అని మనిషిని అడక్కండి. ఆ కాగితం పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లి అడగండి, జవాబుండే ప్రశ్న అది. మా చెల్లి నన్ను ఒక్కసారే అడిగింది, ఆ రాత్రే చెయ్యి కడుక్కుని మళ్లీ ముద్ద పెట్టింది. పెన్ను జారిన రోజు ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను.