లాభం తర్వాత రెండు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలెడితే, ఎంతమంది చూశారు, ఎంత దూరం నుంచి చూశారు అని అడిగి విసిగించే రకం నేను. చదువు ఐదో తరగతితో ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకుని, చోడవరంలో ఒక బెల్లం కొట్లో తూకాలు చూస్తూ బతికాను. ఇది కూడా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

తొంభైల్లో సంగతి. మా మామగారికి మోకాళ్ళ నొప్పులు. భోజనం అయ్యాక చిన్న నల్లమందు ఉండ వేసుకునే పాత అలవాటు ఉండేది. అత్తగారు రవ్వంత నల్లమందును బెల్లంలో కలిపి ఉండ కట్టి ఇచ్చేవారు. ఒక మధ్యాహ్నం నేనూ నా భార్యా వెళ్ళేసరికి ఆయన మంచం మీద గుర్రు పెడుతున్నారు. ఎంత కుదిపినా లేవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆటోలో నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాం. డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, "కంటిపాప సూదిమొనంత అయిపోయింది. ఏం మింగారు?" అన్నారు.

"ఎప్పుడేసే ఉండే బాబూ," అన్నారు అత్తగారు. "సుగరొచ్చింది, తీపి తినొద్దన్నారు కదా. బెల్లం మానీసేను. ఉండ మాత్రం ఎప్పుడంత లావే సేసేను."

అంటే ఈసారి ఉండంతా నల్లమందే.

"బెల్లమే పెట్టుంటే బాగుండునమ్మా," అన్నారు డాక్టరు. ఆపరేషన్లలో మత్తు ఎక్కువైతే విరగ్గొట్టే నాలోక్సోన్ ఇంజెక్షను కోసం బీరువా వైపు వెళ్తూ మమ్మల్ని బయటికి పొమ్మన్నారు.

మూసిన అద్దం కిటికీలోంచి మామగారి పొట్ట లేవడం కనిపిస్తోంది. చేసేదేమీ లేక ఊపిరులు లెక్కపెట్టసాగాను. పైకి కాదు, మనసులోనే. మా ఇళ్ళల్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనం, లాభం అంటాం. ఆ అలవాటున లాభం, రెండు, మూడు అనుకుంటున్నాను. నర్సు అడ్డొచ్చి లెక్క తప్పింది. ఆమె తప్పుకున్నాక పొట్ట ఒకసారి లేచింది. మళ్ళీ మొదటి నుంచి, లాభం అనుకున్నాను.

రెండోది రాలేదు.

రాని ఊపిరిని లెక్కలో ఎలా వేస్తాను? అలాగే ఆగిపోయాను. లోపల డాక్టరు ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి గాలి సంచి నొక్కుతుంటే, నర్సు ఇంజెక్షను చేసింది.

కాసేపటికి మామగారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. మమ్మల్ని లోపలికి పిలిచారు. ఒళ్ళంతా చెమటలు, వాంతి. నా వైపు చూసి విసుగ్గా అన్నారు:

"లాభం అనీసి ఊరుకున్నావేటి అల్లుడా? అక్కడే నిలబడిపోనాను. రెండను."

ఆయన చూపు తిప్పలేదు. చివరికి "రెండు" అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకున్నారు. ఊపిరి ఆడుతూనే ఉంది.

నల్లమందు కంటే ఈ ఇంజెక్షను పని ముందే దిగిపోతుందని డాక్టరు ఇంకోసారి ఇచ్చి, మర్నాటి దాకా ఉంచుకున్నారు. మామగారు తేరుకున్నాక ఆ మాటేమిటని అడిగాను.

"లాభమేటి, ఎవుడి ధాన్యం? నాకేటీ తెలీదు," అని నవ్వారు.

నేను పైకి అన్నానేమోనని నా భార్యను అడిగాను. పక్కనే నిలబడ్డ మనిషి. నా పెదవి కూడా కదల్లేదంది. ఆయనా ధాన్యం కొలిచిన మనిషే, మత్తులో పాత మాట వచ్చిందని సర్దిచెప్పుకున్నాను. కానీ నేను లాభం దగ్గరే ఆగానని ఆయనకెలా తెలుసు? ఎటు నుంచి కూడినా కుదరడం లేదు.

ఇప్పటికీ ధాన్యం కొలిచేటప్పుడు లాభం అని ఆగలేను. రెండో కుంచం నిండకముందే నోట్లోంచి రెండు వచ్చేస్తుంది.