నొప్పులు లేని మనిషికి అంబులెన్సు

నేను శిక్షణలో ఉండగా చేసిన ఘనకార్యం వింటే, మీరు అంబులెన్సుకు ఫోన్ చేయాలన్నా భయపడతారు. భయపడకండి, ఇప్పుడు అక్కడ ఫోన్ ఎత్తేది నేను కాదు.

తొంభైల మొదటి సంవత్సరాలు. మాది చిక్కడపల్లి. డిగ్రీ పాసై, ఇంట్లో కూర్చుని అమ్మ వంటకు వంకలు పెడుతున్న నన్ను నాన్న నారాయణగూడలో ఒక ధర్మసంస్థ నడిపే అంబులెన్సు ఆఫీసులో చేర్పించాడు. ఒక గది, ఒక ఫోను, రెండు వ్యాన్లు. అందులో ఒక వ్యాను ఎప్పుడూ మెకానిక్ దగ్గరే ఉండేది.

నాకు పని నేర్పింది సత్యవతమ్మ గారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. అవతలివాళ్లు ఎంత అరుస్తున్నా ఆవిడ గొంతు పెరుగన్నంలా చల్లగా ఉండేది. అంతకుముందు ఫోన్ చేసినవాళ్ల నంబర్లు, ఎదురుగా అడ్రసులు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నారు.

"ముందు నంబరు అడుగు. ఆ వెంటనే, ఫోన్ మీదేనా, పక్కింటి వాళ్లదా అని అడుగు. మరిచిపోకు సుమా" అని రోజూ చెప్పేవారు.

ఈ కాలం పిల్లలకు కాస్త చెప్పాలి. అప్పట్లో వీధికి ఒక్క ఫోన్ ఉంటే గొప్ప. శుభలేఖల మీద, దరఖాస్తుల మీద పక్కింటి నంబరే రాసి, పక్కన పీపీ అని పెట్టేవాళ్లం. మాకు ఫోన్ వస్తే ఎదురింటి పిన్నిగారు డాబా మీంచి కేకేసేది. మేం మాట్లాడుతుంటే వాళ్లింటిల్లిపాదీ టీవీ సౌండు తగ్గించి మరీ వినేవాళ్లు. ఆ రోజులంటే నాకు ఇప్పటికీ బెంగే. అలాంటి బతుకు బతికిన నేనే, "ఫోన్ మీదేనా" అంటే అవతలివాళ్లు చిన్నబుచ్చుకుంటారేమోనని ఆ ప్రశ్న మింగేసేదాన్ని.

నాలుగో రోజు పొద్దున పదకొండింటికి సత్యవతమ్మ గారు పోస్టాఫీసుకు వెళ్లారు. ఫోన్ మోగింది.

"మేడం, జర జల్ది బండి పంపుండ్రి! నా భార్యకు నొప్పులొస్తున్నయి!"

"నంబరు చెప్పండి."

చెప్పాడు. నోటుబుక్కు తిరగేస్తే రెండో పేజీలోనే దొరికింది. అశోక్‌నగర్, ఇంటి నంబరుతో సహా.

"మా ఇంటికి ఎట్ల రావాల్నంటే మేడం..."

"మీరేం చెప్పక్కర్లేదండీ. మీ అడ్రసు మా దగ్గరుంది!"

"ఉన్నదా! మీరు దేవత మేడం!"

దేవత ఫోన్ పెట్టేసి, డ్రైవర్ యాదగిరన్నను ఆ అడ్రసుకు పంపించింది. కాసేపటికి ఆయన ఆ ఇంటి నుంచే ఫోన్ చేశాడు.

"చెల్లె, ఈడ ఆమె బండి ఎక్కనంటున్నది. నొప్పుల్లేవంట."

"గర్భిణియేనా అన్నా?"

"గర్భిణే. ఎనిమిదో నెలంట. మొదటి కాన్పంట."

"మొదటిసారి భయంతో అందరూ అలాగే అంటారు. ఇంట్లో పెద్దవాళ్లకివ్వు."

లైన్లోకి అత్తగారు వచ్చింది. "ఏమ్మా, మా కోడలు ఇప్పుడే ఉప్మా తిని కూర్చుంది. నొప్పులని మీకెవరు చెప్పారు?"

"వాళ్లాయనేనండీ."

"మావాడా! ఏమే, నొప్పులొస్తుంటే మొగుడికి చెప్పి అత్తకు దాస్తావా?"

"లేవత్తయ్యా!" అని వెనక నుంచి కోడలు మొత్తుకుంటోంది.

"ఉన్నాయండీ, ఒక్కోసారి మనిషికి తెలియవు" అని నేను ఫోన్లోనే తీర్పు చెప్పేశాను. నాకప్పటికి పెళ్లి కూడా కాలేదని మనవి చేసుకుంటున్నాను.

అత్తగారు కోడలినీ, నీళ్ల ఫ్లాస్కునీ, రెండు దుప్పట్లనీ వ్యానెక్కించి, తనూ ఎక్కింది. ఆ వెంటనే మళ్లీ ఫోన్.

"మేడం, బండి ఇంకా రాలే!"

"వచ్చిందండీ. మీ ఆవిడ ఎక్కేశారు కూడా."

"నా భార్య ఈడ్నే ఉన్నది కద మేడం! ఎనక బస్తీల నొప్పులకు ఒర్లుతున్నది! నేను ముందలింటి పెద్దమ్మోళ్ల వరండలకెంచి మాట్లాడుతున్న. ఆమె కోడలిని మీ బండి తీస్కపోయిందంట!"

బస్తీవాళ్ల కోసమని ఆ ఇంటివాళ్లు ఫోన్ వరండాలోనే పెట్టేవారట. నవ్వుతూ చెబుతున్నాను గానీ, రెండు ప్రాణాలు నా చేతకానితనానికి బలైపోతాయని అప్పుడు నిజంగానే భయపడ్డాను. వ్యానులో వైర్‌లెస్ లేదు. ఉన్న ఆశల్లా ఒక్కటే, ప్రసూతి ఆసుపత్రికి వెళ్లాలంటే వ్యాను మా నారాయణగూడ చౌరస్తా దాటాలి. ఈసారి ఇల్లెక్కడో అడిగి అరచేతి మీద రాసుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి నడిరోడ్డు మీద చేతులు చాచి నిలబడ్డాను.

"తిప్పు యాదగిరన్నా, ఈవిడ కాదు!"

"నేను జెప్పలేదా చెల్లె!"

అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టింది. "మరి మా కోడలి నొప్పులు?"

"లేవండీ."

"ఇందాక ఉన్నాయన్నావు!"

"తగ్గిపోయాయండీ" అని వ్యానెక్కేశాను.

వాళ్లను దింపే వ్యవధి లేక అందరం వెనక్కి వెళ్లాం. ఫోన్ చేసిన మనిషి బాలయ్య, పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చినవాడు, సందు మొదట్లో ఏడుస్తూ నిలబడ్డాడు. ఆయన భార్యను వ్యానులో పడుకోబెట్టగానే అత్తగారి కోపం ఎటుపోయిందో. ఆమె తల ఒళ్లో పెట్టుకుని దారంతా ధైర్యం చెప్పింది. కోడలు ఫ్లాస్కులో నీళ్లు తాగించింది. ఆసుపత్రి చేరిన పావుగంటకు ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. నేను బయట బల్ల మీద కూర్చుని ఆ పసిదానికంటే గట్టిగా ఏడ్చాను.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సత్యవతమ్మ గారు మాత్రం "ఇక ఆ ప్రశ్న మరిచిపోవుగా?" అని ఊరుకున్నారు. ఆవిడ ఇప్పుడు లేరు. తలచుకుంటే కళ్లు తడవకుండా ఉండవు.

వారం తర్వాత అత్తగారు ఆఫీసుకే వచ్చింది. నేను బీరువా వెనక దాక్కోబోయాను.

"వచ్చే నెల మా కోడలికి నిజంగానే నొప్పులొస్తాయమ్మా. అప్పుడూ మీకే ఫోన్ చేస్తాం" అంది.

నా మనసు కరిగిపోయింది. ఆవిడ సత్యవతమ్మ గారి వైపు తిరిగి, "ఆ పూట మాత్రం ఈ పిల్లకు సెలవివ్వండి" అంది.

కనుక సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. నొప్పులు లేవన్న మనిషితో ఉన్నాయని ఈ జన్మలో వాదించను. ఆ మాట మీద ఎంత గట్టిగా నిలబడ్డానంటే, నా కాన్పప్పుడు కూడా నాకు నొప్పులొస్తున్నాయో లేదో మా అత్తగారినే తేల్చమన్నాను.