అక్క ప్రార్థనలో నా మాత్రలు

కడుపులో పుండుకు గుడివాడలో ఆపరేషను చేసి, సగానికి పైగా పొట్ట కోసి తీసేశారు. అంతకుముందు నేను భారీ మనిషిని. పంక్తిలో కూర్చుంటే వడ్డించేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆపరేషను తర్వాత నాలుగు ముద్దలకే చెమటలు పట్టి కళ్ళు తిరిగేవి. "సన్నబడి కుర్రాడిలా అయిపోయారు మాస్టారూ" అని బందరులో ఎదురైన ప్రతివాడూ మెచ్చుకోవడమే! నిద్ర లేదనీ, పొద్దున్నే ఊరికే ఏడుపొస్తోందనీ ఎవరికి చెప్పను? పిల్లల్ని హడలగొట్టే లెక్కల మాస్టర్ని.

డాక్టరుగారికి మాత్రం చెప్పాను. ఆయన నవ్వలేదు.

"పెద్ద ఆపరేషనయ్యాక మనసు కుంగడం ఉంటుందండీ. ఈ మాత్రలు పిచ్చికి కాదు, దిగులుకి. కాస్త ఏదైనా తిని వేసుకోండి. గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానకండి" అన్నారు.

అన్ని మాటల్లోనూ నాకు వినపడింది పిచ్చి అన్న ఒక్కటే. సీసా తెచ్చి కందిపప్పు డబ్బాలో దాచి, ఎవరూ చూడకుండా వేసుకునేవాణ్ణి.

నా భార్య పురిటికి వెళ్ళడంతో, నాకు జావ కాచిపెట్టడానికి దివిసీమ నుంచి అక్క వచ్చింది. బావ పోయాక ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పుకుంటూ బతికేది. రాత్రి నేనెప్పుడు కళ్ళు తెరిచినా మంచం మీద కూర్చునే కనపడేది. నాకు కాపలా కాస్తోందని ఒళ్ళు మండిపోయేది. పప్పు డబ్బాలో సీసా దొరికి నిలదీస్తే నిజం చెప్పక తప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను.

"నేనెవరికి చెప్తాన్రా?" అంది.

ఆ ఆదివారం, నేను బతికి బయటపడ్డందుకు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. మా క్రైస్తవుల్లో ప్రార్థన అందరికీ వినపడేలా పైకే చేస్తారు. అక్క కళ్ళు మూసుకుని మోకరించింది.

"తండ్రీ, నా తమ్ముణ్ణి బతికించావు తండ్రీ. వాడికి నిద్దర పట్టట్లేదు తండ్రీ. డాక్టరుగారు దిగులుకి మాత్రలిచ్చారు తండ్రీ. సిగ్గుపడి కందిపప్పులో దాచుకుంటున్నాడు తండ్రీ..."

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది మా హెడ్మాస్టరుగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

జనం వెళ్ళగానే విరుచుకుపడ్డాను. "ఊరందరి ముందూ పిచ్చివాణ్ణి చేశావు గదక్కా!"

"దేవుడికేగా చెప్పుకున్నాను" అని గొణిగి, మర్నాటి బస్సుకే వెళ్ళిపోయింది.

పంతం కొద్దీ మాత్రలు మానేశాను. కొన్నాళ్ళకి క్లాసులో, బోర్డు మీద లెక్క వేస్తూ, ఏడుపు ఆపుకోలేకపోయాను. హెడ్మాస్టరుగారు నన్ను ఇంటిదాకా దిగబెట్టి, "మాత్రలు మానేశారా మాస్టారూ? ఆ రోజు ఆమెన్ ఊరికే అనలేదండీ, నేనూ ఆ మాత్రలు మింగినవాణ్ణే" అని, అక్కకి కబురు పంపారు.

వచ్చింది. దెప్పలేదు. జావ గిన్నె ముందు పెట్టి, పక్కనే మాత్ర పెట్టింది. మింగేదాకా చూసి, తల వంచుకుని అడిగింది.

"నన్నూ ఆ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తావురా? మీ బావ పోయిన దగ్గర్నించీ నాకు కంటిమీద కునుకు లేదు. అందరికోసం ప్రార్థన చేస్తాను గానీ, నా సంగతి పైకి చెప్పుకోడానికి నాకూ సిగ్గేరా."

మంచం మీద కూర్చున్న ఆమె గుర్తొచ్చింది. పడుకోలేదేం అక్కా అని ఒక్కసారీ అడగలేదు నేను. మాత్రలు వేసుకుంటున్నానన్న సిగ్గు ఆ పూటతో పోయింది. ఈ సిగ్గు మాత్రం ఇప్పటికీ పోలేదు.