డాక్టరుకు చెప్పిన మూడు పూటలు

ఆ రోజు జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో రైలు దిగి చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. పాదం నేలకు ఆనుతున్నా తెలియడం లేదు.

ఐటీ ఉద్యోగాల కోసం మనవాళ్లు సింగపూర్‌కు బారులు తీరిన రోజులవి. నాకు డిగ్రీ లేదు. లెక్కలూ కంప్యూటరూ నాకు నేనే నేర్చుకున్నాను. మా ఆఫీసుకు లెసోతో అనే చిన్న ఆఫ్రికా దేశం నుంచి సర్వే కాగితాలు వచ్చేవి. రాజధానిలోని పేద ఇళ్లలో ఎవరు ఎన్ని పూటలు తింటున్నారన్నది ఆ సర్వే. తప్పులు పట్టడం నా పని. ఒట్టి టీ, బ్రెడ్డును ఎవరైనా పూటగా రాస్తే కొట్టేయాలి. అది మా నియమం.

నేను పని నేర్పిన శ్రీకాంత్‌ను నా మీద టీమ్ లీడ్‌ను చేశారు. యీషున్‌లోని మా ఫ్లాట్‌లో అతనూ నేనూ మరో ఇద్దరూ వంతులవారీగా వండుకునేవాళ్లం. ఇక అతని వంట నా గొంతు దిగలేదు. "నన్ను వంతుల్లోంచి తీసేయండి, బయట తింటాను" అన్నాను. బయట శాకాహారం వెతుక్కునే ఓపిక లేక మూడు పూటలా పాలు లేని టీ, బ్రెడ్డుతో నాలుగు నెలలు గడిపాను.

చెప్పు పోయాక ఆస్పత్రికి వెళ్లాను. "అంకుల్, రోజుకు ఎన్ని మీల్స్?" అని డాక్టరమ్మ అడిగింది.

"మూడు" అన్నాను.

షుగర్ నార్మల్. ఎంఆర్ఐలో వెన్ను బాగుంది. నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ టెస్టులో మాత్రం తేడా కనిపించింది. కారణం దొరకలేదు. మరో రెండు నెలలకు తిమ్మిరి మోకాళ్ల దాకా పాకింది. నడక పోతే ఉద్యోగం పోతుంది, దాంతో వీసా కూడా.

ఆ వారమే ఒక కాగితం చూశాను. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె ఇంట్లో రెండు రోజులుగా పొయ్యి వెలగలేదు. అప్పుడేం చేశారన్న ప్రశ్నకు జవాబు: "పక్కగది ఆమె మొక్కజొన్న సంకటి పంపింది. పిల్లలూ నేనూ తిన్నాం." జాలిపడాల్సింది పోయి ఆమె మీద అసూయపడ్డాను. ఆమెకు లేక ఆకలి. ఇచ్చినప్పుడు పుచ్చుకోవడం ఆమెకు తెలుసు. నేను పప్పు వాసనకు తలుపు వేసుకునేవాణ్ణి.

కుర్చీలోంచి లేవబోయి అక్కడే కూలబడ్డాను. శ్రీకాంత్ టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మళ్లీ అదే అడిగింది. మూడు వేళ్లు చూపించాను.

"మూడా? అంకుల్, మీ గది చెత్తబుట్ట నిండా బ్రెడ్డు కవర్లే కదా! డాక్టర్, ఓన్లీ టీ అండ్ బ్రెడ్!" అన్నాడు శ్రీకాంత్.

"ఎన్నాళ్లుగా?"

"నేను లీడ్ అయినప్పట్నుంచి."

అతనికి అంతా తెలుసన్నమాట. తల ఎత్తలేకపోయాను.

విటమిన్లు బీ1, బీ12 రెండూ బాగా తక్కువ. "పెరిఫెరల్ న్యూరోపతి. కాళ్ల నరాలు దెబ్బతిన్నాయి. ఇంకా ఆగితే నడక తిరిగి రాదు" అంది డాక్టరమ్మ. ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

ఆ సాయంత్రం శ్రీకాంత్ కంచం పెట్టాడు. "ఉప్పు ఎక్కువైందన్నారో, మళ్లీ ఆస్పత్రికి నేను రాను."

నిజంగానే ఉప్పు ఎక్కువైంది. మారు వడ్డించుకున్నాను.

ఇప్పుడు నడుస్తున్నాను. రెండు కాలివేళ్లకు మాత్రం స్పర్శ లేదు. శ్రీకాంత్ టాంపినీస్‌లో ఇల్లు కొన్నాడని విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ జబ్బుకు మందు దొరకలేదు.

ఒక్క మాట. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. మీతో ఒకే ఇంట్లో ఉండే మనిషిని, అతని పేరు వింటేనే మీకు ఒళ్లు మండినా సరే, పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు దాచేది అతను చెప్పేస్తాడు.