శ్లాబులో కలిసిన ఉప్పు

ఇంతకాలం నా మాట ఎవరూ పట్టించుకోలేదు. పోనీలే, పనుల్లో ఉన్నారని సరిపెట్టుకుందామంటే, పట్టించుకోకపోవడంతో ఆగకుండా నవ్వారు కూడాను. ఆ నవ్విన ముఖాలు ఒక్కొక్కటీ నాకింకా గుర్తే. నా ఈడువాళ్ళలో చాలామందికి ఇలాంటివి ఉండే ఉంటాయి గనక మీతోనే చెప్పుకుంటున్నాను. మొన్న పొద్దున తెనాలిలో మా ఇంటి వరండాలో కాఫీ తాగుతుంటే, టీచరుగా పనిచేసే మా చిన్నమ్మాయి ఫోనులో ఒక ఫోటో పంపింది. అమ్మాయికి బాపట్ల దగ్గర, సముద్రపు గాలి తగిలే ఒక ఊరి హైస్కూలుకు కొత్తగా బదిలీ అయింది. “నాన్నా, నీ గదే నాకిచ్చారు!” అని మురిసిపోతూ కింద రాసింది. ఫోటో నిండా పిల్లలు, బల్లలు, నీలంరంగు కొత్తగా వేసిన గోడలు. నా కళ్ళు మాత్రం పైకి పోయాయి. కప్పు మీద, లోపల ఇనుప ఊచ ఉండే వరసలోనే, ఎర్రటి చార ఒకటి గోడదాకా సాగి ఉంది. కొత్త రంగును కూడా లెక్కచెయ్యకుండా బయటికొచ్చింది.

ఆ కప్పు పోసిన రోజు నేనక్కడే ఉన్నాను. సైన్సు మాస్టారుగా అది నా మొదటి ఉద్యోగం. భట్టిప్రోలులో కాలువ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఆ ఊరి నీళ్ళు నోట పోసుకోలేక మొదటి నెలంతా మజ్జిగతోనే గడిపాను. అది ఎండాకాలం, కాలువలు కట్టేసిన రోజులు. తాగడానికే మంచినీళ్ళు కటకటగా ఉంటే శ్లాబుకెక్కడివి? కాలువ వదిలేదాకా ఆగుదామంటే, మూఢం వస్తోంది, మళ్ళీ ముహూర్తం దొరకదన్నారు. గొయ్యి తవ్వి అందులో ఊరిన నీళ్ళూ, తీరం నుంచి బండ్లమీద తోలిన ఇసుకా సిమెంటులో కలిపేశారు. నేను చిటికెడు ఇసుక నాలిక మీద వేసుకుని చూసి, ఉప్పగా ఉందండీ, ఆపండి అని అందరి ముందూ అన్నాను. కాంట్రాక్టరు నన్ను ఎగాదిగా చూసి, “ఉప్పు తింటే మనిషికి బలమే గదా మాస్టారూ, శ్లాబుకేంటండీ నొప్పి?” అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మా హెడ్మాస్టరుగారు. ఆ రోజు నుంచీ ఊళ్ళో నా పేరు ఉప్పు మాస్టారు.

ఆ కప్పు కిందే పిల్లలకు రసాయన బంధాల పాఠం చెప్పేవాణ్ణి. ఉప్పులో సోడియం ఒక ఎలక్ట్రానును వదులుకుంటుంది, క్లోరిన్ దాన్ని పుచ్చుకుంటుంది, ఆ ఇచ్చిపుచ్చుకోవడంతో రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పట్టు గట్టిదే గానీ వరస కాస్త పక్కకు జరిగిందంటే ఠపీమని విడిపోతుంది. ఇనుములో అలా కాదు, పరమాణువులన్నీ కొన్ని ఎలక్ట్రాన్లను ఉమ్మడిలో వేసుకుంటాయి, అందుకే కొడితే సాగుతుంది, వంచితే వంగుతుంది గానీ విరగదు. శ్లాబులో ఊచలు వేసేది ఆ ఓర్పు కోసమే. ఇది కళ్ళకు కట్టాలని, మూడో ఏడు వానాకాలంలో ఒకనాడు, బల్ల మీద కల్లుప్పు గడ్డ పెట్టి సుత్తితో కొట్టాను, పిండయింది. తరవాత మేకు పెట్టి కొట్టాను, చదునుగా సాగింది. రెండో దెబ్బకు పైనుంచి అరచేయంత పెచ్చు ఊడి, ముందు వరసలో కూర్చున్న అమ్మాయి జడ పక్కగా నేలమీద పడింది. “మాస్టారి దెబ్బకి బడే ఊడిపోతందిరోయ్!” అని వెనక బల్లలోంచి ఎవడో అన్నాడు, గదంతా పకపకా నవ్వింది. నేను తలెత్తి చూశాను.

ఊడినచోట ఊచ కనబడుతోంది, పొరలు పొరలుగా ఉబ్బి, ఎర్రగా. సిమెంటు ఇనుము చుట్టూ ఒక పలచని పొరను నిలిపి కాపాడుతుంది. తేమలో కరిగిన ఉప్పులోంచి విడివడ్డ క్లోరిన్, అంటే క్లోరైడు, మెల్లగా పాకి, ఆ పొరను తినేస్తుంది. ఇక గాలీ నీరూ కలిసి ఇనుములోని ఎలక్ట్రాన్లను లాగేసుకుంటాయి, ఇనుము తుప్పవుతుంది. తుప్పుకు వంగే గుణం లేదు, పైగా ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి, ఆ చోటు కోసం సిమెంటును లోపలినుంచి నెట్టుకుంటూ వస్తుంది. కింద కూర్చున్నవాళ్ళకు ఏ చప్పుడూ వినబడదు. అదీ నా భయం.

మర్నాటి నుంచి పిల్లల్ని ఆవరణలో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. హెడ్మాస్టరుగారు గదికి పిలిచి, ఊళ్ళో బడి పరువు తీస్తున్నానని మందలించి, ఇన్‌స్పెక్షను వచ్చేలోగా ఆ పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తించి సున్నం కొట్టించారు. నేను పైవాళ్ళకు ఫిర్యాదు రాస్తే వచ్చింది జవాబు కాదు, రేపల్లెకు బదిలీ. వీడ్కోలు సభలో శాలువా కప్పి, రంగుకాగితం చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టారు. విప్పితే కల్లుప్పు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ దాన్ని కూరల్లో వాడేద్దామంది గానీ, నేను పెరట్లో పారబోశాను.

ఇప్పటికీ రేపల్లె బస్టాండులో నిలబడాలన్నా, హోటల్లో టిఫిన్‌కు కూర్చోవాలన్నా ముందు కప్పుకేసి చూస్తాను. మా అమ్మాయికి ఫోను చేసి ఆ గదిలో కూర్చోవద్దన్నాను. “ఇన్నేళ్ళు నిలబడింది గదా నాన్నా, నేను వెళ్ళగానే పడుతుందా ఏంటి?” అని నవ్వింది. ఇన్నేళ్ళు నిలబడిందనే గదమ్మా నా భయం, ఆ ఊచల్లో ఇప్పుడు ఇనుమెంత మిగిలిందో ఎవరికి తెలుసు అన్నాను. వేరే గది లేదట.

సరే, ఈ కాలం పద్ధతిలోనే ఫోనులో ప్రభుత్వానికి ఫిర్యాదు పెట్టాను. మర్నాడే మీ సమస్య పరిష్కరించబడింది అని సందేశం వచ్చింది. అమ్మాయిని అడిగితే బడి గడప తొక్కినవాడే లేడంది. మా రోజుల్లో వెక్కిరించడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు, వాడి కళ్ళల్లోకి చూసి నా మాట నేను మళ్ళీ చెప్పగలిగేవాణ్ణి. ఆ వెక్కిరింపులనే తలుచుకుని బెంగపడే రోజొకటి వస్తుందని నేననుకోలేదు. ఇప్పుడు ఎవరి ముందు నిలబడాలో కూడా తెలియదు.

నా మాట తప్పని తేలితే సంతోషంగా ఒప్పుకుంటాను. ఒక్క ఇంజనీరు నిచ్చెన ఎక్కి, కర్రతో ఆ కప్పంతా తట్టి, గట్టిగా మోగిందో డొల్లగా మోగిందో చెప్తే చాలు. నైరుతి వానలు మొదలయ్యాయి. రేపు తొమ్మిదింటికి మా అమ్మాయి తలుపు తీస్తే ఆ గదిలోకి పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి కూర్చుంటారు. ఆలోగా నాకు జవాబు చెప్పేదెవరు?