నడిచి వెళ్లిపోయిన నా నంబరు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు కోతలు కోసే జబ్బుంది. నేను చెప్పినదాంట్లో పావలా వంతే నమ్మాలని మా ఆవిడ పిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పింది. కాబట్టి ఆ గురువారం సాయంత్రం నా కుడి చెంప గుమ్మడికాయంత వాచిందని రాస్తే, మీరు నిమ్మకాయ దగ్గర ఆగిపోండి. నొప్పికి మాత్రం ఆ లెక్క వర్తించదు. దాన్ని పెంచడానికి నా దగ్గర కూడా మాటల్లేవు. కింది దవడలో చివరి పన్ను. మూడు రోజులుగా అందులో ఎవరో పెళ్లి బ్యాండు వాయిస్తున్నారు.

యాకుత్‌పురాలో మా గల్లీ చివర ఒక పళ్ల డాక్టరున్నాడు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడగానే షట్టరు దించేస్తాడు, శుక్రవారం అసలు తియ్యడు. అంటే ఆ పూట పన్ను పీకించుకోకపోతే శనివారం దాకా ఆ బ్యాండుతో కాపురం చెయ్యాలి. అందుకే ఆఫీసు నుంచి ఇంటికి కూడా పోకుండా సరాసరి అక్కడికే వెళ్లాను.

ఆ దవాఖానలో టోకెన్లు ఉండవు. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి అరుగు మీద గోడ వెంట పెడతారు. ఆ వరుసే క్యూ. లోపలికి వెళ్లిన మనిషి చెప్పులు మొదటి స్థానంలో ఉంటాయి. అతను బయటికొచ్చి అవి తొడుక్కుని పోగానే, కాంపౌండరు మిగిలిన జతలన్నింటినీ కాలితో ఒక్కో అడుగు ముందుకు జరుపుతాడు. మనుషులు ఎదురుగా చాయ్ తాగుతారో, బజారంతా తిరిగొస్తారో వాళ్లిష్టం. మన బదులు చెప్పులు నిలబడతాయి.

నాది నాలుగో జత. నా ముందు జత మాదన్నపేటలో ఉల్లిగడ్డల వ్యాపారం చేసే సేటుది. ఆయన ముందు జత ఖాలాది. ఖాలా అంటే మా గల్లీకంతా పిన్ని, ఆవిడ గొంతు విని బస్సులు పక్కకు తప్పుకుంటాయి. మొదటి జత అప్పటికే లోపలున్న ఓ పెద్దమనిషిది.

కాసేపటికి ఆ పెద్దమనిషి నోట్లో దూది కుక్కుకుని, సగం ప్రాణంతో బయటికొచ్చాడు. ఏవో చెప్పుల్లో కాళ్లు దూర్చి, టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు. చెప్పులు మరీ పెద్దవైనట్టున్నాయి, పాపం అనుకున్నాను. ఆయన మలుపు తిరిగి మాయమయ్యాక గోడ వైపు చూశాను. మూడు జతలే ఉన్నాయి. నావి లేవు.

కాంపౌండరు తల బయట పెట్టి, "మొదటి జత ఎవల్ది? జల్ది లోపల్కి రాండ్రి," అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆ జత యజమాని పన్ను పీకించుకుని ఇల్లు చేరుతున్నాడాయె.

"భాయ్, ఆయన నా చెప్పులు ఏసుకొని పోయిండు," అన్నాను.

"అయితే నీ నంబర్ గూడ పోయినట్టే అన్నా."

"గదేంది భాయ్! మనిషిని నేనీడనే ఉన్న గదా!"

"మనుషులకు ఈడ లైనే లేదు. చెప్పులు చూపియ్."

"అరె, ఉత్త కాళ్లతో వచ్చినవేంది బేటా? గిది దవాఖాననా, గుడా?" అంది ఖాలా.

"ఇంటికి పోయి ఇంకో జత తెచ్చి ఎనక పెట్టు బాపూ, ఫికర్ చెయ్యకు," అన్నాడు సేటు. ఆయన ఫికర్ చెయ్యకు అన్నాడంటే తన నంబరుకు ఢోకా లేదని అర్థం.

కానీ ఆయన వంతూ రాలేదు. మొదటి జత కదలందే రెండో జత కదలకూడదు, అది అక్కడి రాజ్యాంగం. ఒకసారి ఎవరో చాయ్‌కి పోయినప్పుడు జత వెనక్కి జరిపితే మస్తు లొల్లి అయిందట, అప్పటి నుంచి కాంపౌండరు యజమాని లేని చెప్పులను ముట్టడు. ఆకాశం ఎర్రబడుతోంది. ఇంకో రెండు జతలు వచ్చి చివర చేరాయి. నా పన్నులో బ్యాండు వాళ్లు ఊరేగింపు మొదలుపెట్టారు.

నేను నేరుగా నడిచి వెళ్లి ఆ మొదటి జతలో కాళ్లు పెట్టాను. మడమలు రెండూ బయటే వేలాడాయి.

"గవి నీవా?" అన్నాడు కాంపౌండరు.

"ఇప్పుడు నావే. నావి ఆయన కాడున్నయ్, ఆయనవి నా కాడున్నయ్. మొదటి జత వచ్చింది, చూస్కో."

"నీది నాల్గో నంబర్, నేను చూసిన!" అని ఖాలా లేచి నిలబడింది.

సేటు గడ్డం గోక్కున్నాడు. "మాల్ చేతులు మారినంక నంబర్ గూడ మారుతది ఖాలా. బజార్ల గట్లనే నడుస్తది."

ఖాలా నన్ను చూసింది, నా మడమలు చూసింది, నా నిమ్మకాయ చెంప చూసింది. చెయ్యి ఊపింది. "జానే దో, పోనియ్. వీడు లోపల్కి పోకుంటే లైనూ కదల్దు, నా పన్నూ కదల్దు."

అలా లోపలికి వెళ్లాను. డాక్టరు పట్టకారు తీశాడు. నేను కిక్కురుమనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తపస్సు చేసుకునే మునిలా కూర్చున్నాను. పన్ను ఊడింది, బ్యాండు ఆగింది.

ఇందులో ఏది కల్పించావని అడుగుతారు. చెప్పుల రాజ్యాంగం నిజం, సేటు తీర్పు నిజం, మడమలు వేలాడిందీ నిజం. కల్పించింది ఆ కిక్కురుమనలేదన్న మాట ఒక్కటే. నేను బయటికొచ్చేసరికి గోడ దగ్గర సేటు జత లేదు. ఖాలా మాత్రం తన చెప్పులను తనే కాలితో వెనక్కి, అందరికంటే చివరికి జరుపుకుంటూ, కొత్తగా వచ్చినవాళ్లతో అంటోంది: "మీరు ముందు పోండ్రి బేటా, నాకేం తొందర్లేదు."